నిమిషానికి ఇరవై

3వ రోజు

నాలుగో సంవత్సరం ఆఖరి పోస్టింగ్. ఎముకల వార్డులో ముప్ఫై రోజులు. గట్టుపాలెం ఆసుపత్రి మొత్తంలో ఇదే ప్రశాంతమైన వార్డని సీనియర్లు చెప్పేవాళ్ళు. నిజమే, ఇక్కడ పేషెంట్లు లేచి ఎక్కడికీ పోలేరు.

పొద్దున్నే హాస్టల్లో మంచినీళ్ళు వచ్చాయి. మనిషికి రెండు బకెట్లు. సముద్రం పాత ఊరిని మింగేశాక పుట్టినవాళ్ళం కాబట్టి మాకు రెండు బకెట్లంటే చాలా ఎక్కువ అనిపించాలట. ఒకటి మెస్సుకి పోతుంది. రెండోదానితో స్నానమా, యూనిఫామా అన్నది రోజూ తేల్చుకోవాలి. ఈ రోజు యూనిఫాం గెలిచింది. ఉప్పునీళ్ళతో ఉతికితే తెల్లబట్ట పది రోజుల్లో అరటితొక్క రంగుకొస్తుంది, దానికి క్రమశిక్షణ మార్కులు కోస్తారు. ఒంటి కంపుకి కొయ్యరు.

వార్డులో మందులు వాటంతట అవే సొరుగుల్లోంచి వస్తాయి. ఇంజెక్షన్లు మంచం పక్కనున్న ఇనపచెయ్యి ఇస్తుంది. నాలుగేళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివి మేం సొంతంగా చేసేది పక్కలెయ్యడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం. యంత్రాలు అన్నీ నేర్చుకున్నాయి గానీ బెడ్‌పాన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎందుకో వాటి బుర్ర పనిచెయ్యదు. తెలివైనవి.

ఇంకొక పని కూడా ఉంది. సిలబస్‌లోంచి తీసెయ్యడం ఎవరికీ గుర్తు రాక మిగిలిపోయింది. రెండు గంటలకోసారి ప్రతి పేషెంటు జ్వరం, నాడి, ఊపిరి మేం స్వయంగా చూసి చార్టులో రాయాలి. అదే పని పైకప్పులో ఉన్న యంత్రం కూడా చేస్తుంది. దానికి మంచానికో కన్ను. అసలు పేరు ఏదో పొడుగాటి సంస్కృతం, గోడ మీద రాసుంది. మేం అత్తగారు అంటాం. పైనుంచి అంతా చూస్తుంది, మనం ఏం చేసినా తప్పంటుంది.

మా అంకె, అత్తగారి అంకె కలిస్తే దాన్ని పొంతన అంటారు. కలవకపోతే తప్పు మాది. ఒక్కో తేడాకి సున్నా పాయింట్ రెండు పోతుంది. ఆఖరి పోస్టింగ్‌లో పోవడమే గానీ రావడం ఉండదు. ముప్ఫయ్యో రోజుకి తొంభై ఐదు శాతం మిగిలితేనే పరీక్ష రాయనిస్తారు, లేదంటే ఏడాది మొత్తం మళ్ళీ చదవాలి. నాది 95.3. ఒక తేడా వస్తే తట్టుకోగలను. రెండోది వస్తే నా పని అయిపోయినట్టే.

7వ రోజు

మొదటి సంవత్సరం వాళ్ళని మా వార్డు చూపించడానికి తీసుకొచ్చారు. ఊపిరి లెక్కపెట్టడం నేర్పమని నన్ను నిలబెట్టారు.

పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. ఊపిరి లెక్కపెడుతున్నట్టు పేషెంటుకి తెలియకూడదు, తెలిస్తే ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్ళు మాత్రం ఛాతీ మీద పెట్టి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. ఆ తర్వాత దుప్పట్ల గదిలోకి తీసుకెళ్ళి అసలు సంగతి నేర్పాను.

మొదటి సంవత్సరంలో నేను నిజంగానే లెక్కపెట్టేదాన్ని. పద్నాలుగు, పదహారు, పదిహేడు, ఎంత వస్తే అంత రాసేదాన్ని. అత్తగారు ఇరవై అనేది. ఆరు నెలల్లో నా పొంతన 81కి దిగిపోయింది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఒక సీనియర్ వచ్చి, "పిచ్చిమొహమా, ఊపిరి ఎవరైనా లెక్కెడతారా?" అని పాట నేర్పింది. ఆరింటికి ఇరవై, ఎనిమిదింటికి ఇరవై రెండు, పదింటికి ఇరవై, పన్నెండింటికి పద్దెనిమిది. మధ్యాహ్నం డ్యూటీ వాళ్ళు మళ్ళీ మొదటినుంచి అందుకోవాలి. జ్వరం ఉన్నా ఇదే, గురకపెట్టి నిద్రపోతున్నా ఇదే. ఈ పాట అత్తగారి అంకెలతో ఎందుకు కలుస్తుందని ఎవరూ అడగలేదు. మార్కులొచ్చే చోట ఎవరడుగుతారు?

మూడేళ్ళుగా నేను ఒక్క ఊపిరి కూడా లెక్కపెట్టలేదు. నా రూమ్మేట్ మెహరున్నీసా మొదటి రోజు నుంచే లెక్కపెట్టలేదు. దాని పొంతన 99.8. కాలేజీ గోల్డ్ మెడల్ దానిదే.

15వ రోజు

ఆరో నంబరు మంచంలోకి కొత్త పేషెంటు వచ్చింది. పేరు బండి లోవకుమారి, యాభై నాలుగేళ్ళు, సముద్రం గట్టు అవతల పీతల చెరువులో పని. బురదలో జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నిన్ననే లోపల కడ్డీ వేశారు.

మణికట్టు పట్టుకుని నిలబడ్డాను.

"ఏవే పిల్లా, చెయ్యట్టుకున్నావ్, సోదేవన్నా చెప్తావా?"

"నాడి చూస్తున్నానండి. మాట్లాడకండి."

"నాడి చేతిలో ఉంటే నా రొమ్ముకేసి సూత్తావేంటే?"

వార్డంతా ఘొల్లుమంది. కాళ్ళకి బరువులు కట్టుకుని వేలాడుతున్నవాళ్ళు కూడా నవ్వారు. నాకూ నవ్వొచ్చి లెక్క పోయింది, నాడి తొంభై అని ఏదో రాసేశాను. అత్తగారు డెబ్భై ఎనిమిది అంది. సున్నా పాయింట్ రెండు పోయింది. ఇప్పుడు 95.1. ఇక నుంచి ఒక్కటంటే ఒక్క తేడా కూడా రాకూడదు.

కోపంగా దుప్పటి సర్దుతుంటే ఆవిడ నా కొంగు, అంటే యూనిఫాం అంచు, పట్టుకుంది. "కోపగించుకోకే. ఇక్కడికొచ్చాక మనిషి చెయ్యి తగిలింది నీదొక్కద్దే. మిగతాదంతా ఇనుమే. గారూ గీరూ ఎందుకు, పిన్నీ అను."

పిన్నీ అన్నాను. ఏం చేస్తాను, మంచాలు పద్దెనిమిది ఉన్నాయి, ఎక్కడో ఒకచోట ఒప్పుకోకపోతే పని తెమలదు.

19వ రోజు

పిన్ని నోరు మూతపడదు. పీతల చెరువులో సూపర్‌వైజర్‌ని కరిచిన పీత కథ మూడు రోజులుగా చెబుతోంది. ఆ పీత ఇంకా తొట్టిలోంచి బయటికే రాలేదు. ఆవిడ చెప్పే కథలో సూపర్‌వైజర్ పెళ్ళి, వాళ్ళ తోడల్లుడి పడవ, ఉప్పుగాలికి పాడైన టీవీ అన్నీ వచ్చి వెళ్తున్నాయి. నేను మణికట్టు పట్టుకుని వింటూ ఇరవై రాసుకుంటున్నాను.

ఈ రోజు దుప్పట్ల అలమరా దులిపే పని నాకు పడింది. అట్టడుగు అరలో పరిచిన పాత కాగితం ఊడొచ్చింది. తిప్పి చూస్తే పేషెంటు చార్టు. పేరు చెరిగిపోయింది గానీ తేదీ కనిపిస్తోంది. అత్తగారు పుట్టడానికి నలభై ఏళ్ళ ముందుది. ఊపిరి అన్న వరసలో నీలం సిరాతో ఉంది: 20, 22, 20, 18. 20, 22, 20, 18.

కాగితం పట్టుకుని జెసింత మేడం దగ్గరికి పరిగెత్తాను. మేడం మా సీనియర్ ట్యూటర్. రిటైరయ్యాక మళ్ళీ పిలిచి పెట్టుకున్నారు. ఆవిడ దాన్ని చూసి తలుపు వేసింది.

"మంచానికి ఇద్దరు పేషెంట్లు, నేల మీద ఇంకో వరస. యాభై మందికి ఒక్క సిస్టర్ని. మనిషికి నిమిషం చొప్పున యాభై నిమిషాలు ఎక్కణ్ణుంచి తేనమ్మా? మా సీనియర్ చెప్పింది, రాశాం. మా జూనియర్లకి చెప్పాం."

"మరి అత్తగారికెవరు చెప్పారండి?"

"మేమే. ఛాతీకి కట్టే పట్టీ ఒకటి ఉండేది మొదట్లో. మన చెమటకి జారిపోతోందని తీసేశారు. పట్టీ లేకపోయినా పర్లేదు, కంటితో చూసి పాత చార్టుల్లోంచి నేర్చుకుంటుంది అన్నారు. డెబ్భై ఏళ్ళ చార్టులు గోనెసంచుల్లో ఎత్తాం. అది కుదురుగా కూర్చుని అన్నీ చదివింది. మనిషి ఎలా ఊపిరి పీల్చినా చార్టులో ఏం ఉంటుందో నేర్చుకుంది."

నాకు నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ ఇంత పెద్ద యంత్రానికి భయపడి నేను కాపీ కొడుతున్నాననుకున్నాను. అది నన్ను చూసి కాపీ కొట్టింది!

"ఎవరికైనా చెప్పాలి కదండి?"

"పదకొండు రోజులుంది నూకరత్నం. నోర్మూసుకుని పాస్ అవ్వు. తర్వాత చెప్పుకో" అంది మేడం. కాగితం మడిచి తన సొరుగులో పెట్టుకుంది.

నాకూ ఆ సలహా బాగానే ఉందనిపించింది.

28వ రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను. వరస తప్పితే మళ్ళీ నాకు నేనే ఏదో ఒక సాకు చెప్పుకుంటాను.

ఆరింటికి పిన్ని బాగానే ఉంది. ఎనిమిదింటికి కాస్త అలసటగా ఉందంది. పదింటికి మణికట్టు పట్టుకున్నాను. పీత ఎట్టకేలకు తొట్టి అంచుమీదికి ఎక్కింది. "అప్పుడా పీత ఏం చేసిందంటే..." అని ఆగిపోయింది. "ఉండవే. ఊపిరి తీసుకోనీ. మెట్లెక్కినట్టుంది."

పదమూడు రోజుల్లో పిన్ని ఊపిరి కోసం ఆగడం నేను చూడలేదు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది. తప్పు లెక్కపెట్టి ఉంటానని మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిదే.

తల ఎత్తి తెర చూశాను. నాడి 104, జ్వరం కొంచెం, రక్తంలో ఆక్సిజన్ కొంచెం తక్కువ, ఊపిరి 20. అత్తగారు వీటన్నిటికీ మార్కులేసి కలుపుతుంది. మొత్తం ఐదు దాటితే డాక్టర్‌ని పిలుస్తుంది. పిన్నికి మూడు వచ్చాయి. ఊపిరి దగ్గర సున్నా. ఇరవై ఎనిమిదికైతే అక్కడే ఇంకో మూడు పడేవి, డాక్టర్ వచ్చేవాడు.

నేను ఇరవై రాశాను.

రెండు రోజులుంది. 95.1 ఉంది. కాలు కదిలించే వ్యాయామం ఇందాకే చేయించారు కదా, ఆయాసం ఉండదా అనుకున్నాను. మధ్యాహ్నానికి తగ్గిపోతుందనుకున్నాను. ఇవన్నీ ఇరవై రాసేశాక అనుకున్నవి. రాసేటప్పుడు ఏమీ అనుకోలేదు, చెయ్యి దానంతటదే రాసింది. తర్వాత వెళ్ళి పద్దెనిమిది మంచాలకి దుప్పట్లు మార్చాను.

పన్నెండింటికి వచ్చేసరికి పిన్ని మాట్లాడటం లేదు. మొహం బూడిద రంగులో ఉంది. నా చెయ్యి నేను పట్టుకునేలోపే తనే గట్టిగా పట్టుకుంది. ముప్ఫై ఆరు. తెర మీద నాడి 118, ఆక్సిజన్ ఇంకా తగ్గింది. మొత్తం ఐదు. ఐదు దాటితేనే కదా పిలవాలి, దాటలేదు. ఊపిరి పద్దెనిమిది. పాటలో పద్దెనిమిది వంతు వచ్చిందిగా మరి.

ముప్ఫై ఆరు అని రాశాను. తెర మీద ఎర్రగా 94.9 వచ్చింది. చదువు పోయిందని తెలిసింది. అప్పుడు దాని గురించి బాధ కలగలేదు, ఇప్పుడు కలుగుతోంది.

మనిషి డాక్టర్‌ని పిలవాలంటే ఒక దారుంది. పది నిమిషాల్లోపు ముగ్గురు విడివిడిగా లెక్కపెట్టాలి, వాళ్ళలో ఒకరు ట్యూటర్ అయ్యుండాలి, ముగ్గురి అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. అప్పుడు గోడమీది పసుపు మీట నొక్కచ్చు. ఆ మీటని ఎవరూ ఎప్పుడూ నొక్కలేదు. దానికి అలమరా తాళాలు తగిలిస్తాం.

"మెహరూ, ఇటు రావే! ఊపిరి లెక్కెట్టు, త్వరగా!"

మెహర్ వచ్చి పిన్ని మొహం చూసి, తన గోల్డ్ మెడల్ గురించి ఒక్క మాట కూడా అనకుండా చెయ్యి పట్టుకుంది. తర్వాత నా చెవిలో గుసగుసగా అడిగింది. "ఒసేయ్, లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండూ కలిపి ఒకటా, రెండా?"

"రెండూ కలిపి ఒకటే!"

99.8 వచ్చిన మనిషి. ముప్ఫై నాలుగు రాసింది.

జెసింత మేడం కింద అంతస్తులో మొదటి సంవత్సరం వాళ్ళకి సానుభూతి పాఠం చెబుతోంది. పాఠం మధ్యలోంచి లాక్కొచ్చాను. మెట్లెక్కి ఆవిడకే ఆయాసం వచ్చింది. మంచం పక్కన కూర్చుని, గడియారం చూసుకుంటూ, నిండా నిమిషం లెక్కపెట్టింది. వార్డులో ఎవరూ కదల్లేదు. ఆ నిమిషం ఎంత పొడుగుందంటే, అది యాభై మందికి ఎందుకు సరిపోదో నాకు అర్థమైంది.

"ముప్ఫై ఏడు" అంది మేడం.

తాళాలు విసిరేసి మీట నొక్కాను. ఆ మోత ఎవరూ ఎన్నడూ వినలేదు కాబట్టి సగం వార్డు తుఫాను హెచ్చరిక అనుకుని చెప్పులు వెతుక్కుంది. డాక్టర్ కూడా ముందు డాబా మీదికి పరిగెత్తి, తర్వాత మా దగ్గరికి వచ్చాడట. పిన్నిని చూసి, "కాల్లోంచి రక్తపు గడ్డ ఊపిరితిత్తిలోకి వెళ్ళింది" అన్నాడు. మంచంతో సహా ఐసీయూకి తోసుకెళ్ళారు.

తోస్తూ తోస్తూ డాక్టర్ నన్ను అడిగాడు. "ఇది ఎప్పుడు మొదలైంది?"

నేను చార్టు అందించాను. ఆయన చదువుకున్నాడు. "పదింటికి ఇరవయ్యే ఉందన్నమాట. అయితే ఇప్పుడే" అన్నాడు.

నేను మంచం కమ్మీ పట్టుకుని తోశాను.

పోస్టింగ్ అయిపోయిన ఐదో రోజు

పిన్ని బతికింది. ఊపిరితిత్తిలో ఒక వైపు చాలా భాగం పోయింది. చెరువు పనికి ఇంక వెళ్ళలేదు, నాలుగు అడుగులు వేస్తే ఆక్సిజన్ కావాలి. రెండు గంటల ముందు మందు పడి ఉంటే ఇంత పాడయ్యేది కాదని ఐసీయూ సిస్టర్ ఎవరితోనో అంటుంటే విన్నాను. ఎవరితోనో కాదు, నాతోనే అంది. ఆవిడకి తెలియదు కదా.

మీట నొక్కితే విచారణ తప్పనిసరి. పొంతన మండలి నుంచి నోటీసు వచ్చింది. అది తేలేదాకా నా 94.9ని పక్కన పెట్టారు. తేల్చాల్సింది ఒక్కటే, జబ్బు పదింటికి ముందు మొదలైందా, తర్వాతా? ముందైతే అత్తగారు తప్పు, పిన్ని ఇంటికి జీవితాంతం ఆక్సిజన్ ఇవ్వాల్సింది ఆసుపత్రి. తర్వాతైతే రెండు గంటల ఆలస్యానికి నియమాల్లో అనుమతి ఉంది, కాబట్టి ఎవరి తప్పూ లేదు, పన్నెండింటి తేడాలు కూడా మాఫీ.

మెహర్ చీర మడతపెడుతూ అంది. "నువ్వు నోరు మెదపక్కర్లేదే. చార్టే చెప్తాది. నీ పరీక్ష నీకొస్తాది."

"పిన్నికో?"

మెహర్ మడత విప్పి మళ్ళీ పెట్టింది.

ఐసీయూకి వెళ్ళి పిన్నికి చెప్పేశాను. పదింటికే తెలుసు, ఇరవై ఎనిమిది లెక్కపెట్టాను, ఇరవై రాశాను అని. ఆవిడ మాస్కు కొంచెం పక్కకి జరుపుకుంది.

"ఎందుకే?"

"మార్కు పోతుందని."

"ఎంత పోద్ది?"

"సున్నా పాయింట్ రెండు."

"అదెంతుంటాది?"

చూపుడువేలు గోటి అంచు చూపించాను. ఆవిడ ఆ గోటికేసి చాలాసేపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నావి అప్పటికే కారిపోతున్నాయి.

"తిట్టడానిక్కూడా ఊపిరి లేదే నాకు. నువ్వే తిట్టుకో" అంది. మాస్కు పెట్టేసుకుని, మళ్ళీ తీసింది. "నాకు చెప్తే ఏం లాభం? ఆళ్ళకి చెప్పు."

తొమ్మిదో రోజు

విచారణ. పొంతన మండలి అధ్యక్షుడు చాలా మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, గ్లాసు నిండా.

"పదింటికి మీరు రాసింది ఇరవై."

"రాసింది అబద్ధమండి. లెక్కపెడితే ఇరవై ఎనిమిది వచ్చింది."

ఆయన జాలిగా నవ్వాడు. "అబద్ధం రాశానని ఎక్కడైనా రాశారా?"

"రాశానండి, ఆ సాయంత్రమే." ఈ పుస్తకం తెరిచి ఇచ్చాను. ఆయన ముందు వెనకలు తిప్పి చూశాడు.

"దీనికి ముద్ర లేదే?"

"నా సొంత పుస్తకమండి."

"చార్టుకి ముద్ర ఉంది. అందులో మీరు, యంత్రం ఇద్దరూ ఇరవై అన్నారు. ఇద్దరు సాక్షులు ఏకీభవించాక మూడో మాట ఎలా వింటాం చెప్పండి? మీరు పాపం పేషెంటు మీద అభిమానంతో అంటున్నారు."

అప్పుడు జెసింత మేడం లేచింది. సొరుగులోంచి తెచ్చిన ఆ పాత కాగితం బల్ల మీద పెట్టింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను లెక్కపెట్టకుండా ఇరవై రాశానండి. మా వాళ్ళందరూ రాశారు. మీ యంత్రం మా దగ్గరే నేర్చుకుంది. దాని తప్పు కాదు, మాది. కానీ తప్పు తప్పే."

అధ్యక్షుడు ఎంత సంతోషించాడంటే, గుమాస్తా వైపు తిరిగి తనే చెప్పి రాయించాడు. "సీనియర్ ట్యూటర్ గారి ముప్ఫై ఒక్క ఏళ్ళ లెక్కలు యంత్రం లెక్కలతో పూర్తిగా సరిపోయినట్టు విచారణలో తేలింది."

మేడం అలాగే నిలబడిపోయింది. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

పదకొండో రోజు

తీర్పు వచ్చింది. ఉదయం పది గంటలకు పేషెంటు ఊపిరి నిమిషానికి ఇరవై, అంటే ఆరోగ్యంగా ఉంది. యంత్రం దోషం లేదు. పన్నెండింటి తేడాలు మాఫీ. నా పొంతన 95.1. సమయస్ఫూర్తి చూపినందుకు మెచ్చుకోలు కూడా ఒక వాక్యం. అట్టడుగున మండలి ముద్ర, దాని పక్కన ఖాళీ గడి. పదింటి లెక్క రాసినవాళ్ళు అందులో అంగీకార సంతకం పెట్టి సాయంత్రం ఐదింటిలోగా ఇచ్చేస్తే సోమవారం పరీక్ష రాసుకోవచ్చు.

అమ్మకి ఫోన్ చేసి పరీక్ష ఉందని చెప్పాను. అమ్మ ఏడ్చినంత పని చేసింది. పెన్ను తీశాను కూడా.

సంతకం పెట్టే ముందు పిన్నికి ఒకసారి చదివి వినిపిస్తే మంచిదనిపించింది. ఆవిడని ఇవాళే ఇంటికి పంపించేస్తున్నారు, ఆక్సిజన్ లేకుండా. మూట పక్కన మంచం అంచు మీద కూర్చుని ఉంది. చదివాను. ఆఫీసు తెలుగు కదా, ఒక్కో వాక్యం రెండుసార్లు చదవాల్సొచ్చింది.

"అంటే పదింటికి నేను బాగానే ఉన్నానా?"

"ఉన్నారని రాశారు పిన్నీ."

"మరి ఆయేళ ఊపిరాడక కొట్టుకుంది ఎవరే?"

ఎకసెక్కానికి అడగలేదు. నిజంగానే అడిగింది. అంత పెద్ద ముద్ర వేసి చెబుతున్నారంటే తనకే ఏదో పొరపాటు జ్ఞాపకం ఉందేమోనని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"నువ్వే పిన్నీ" అన్నాను. "నేను చూశాను."

ఖాళీ గడిలో, ముద్ర అంచు మీదికి వచ్చేలా, రాశాను: ఉదయం పది గంటలు, ఊపిరి నిమిషానికి ఇరవై ఎనిమిది, కొల్లాటి నూకరత్నం. అంకె బాగానే వచ్చింది.

మండలి ఆఫీసుకి నాలుగున్నరకి వెళ్ళాను. గుమాస్తా చూడకుండానే కాగితాన్ని యంత్రంలోకి తోశాడు. అది గట్టిగా కూసింది. అప్పుడు చూసి తల పట్టుకున్నాడు.

"ఏం చేశారండి ఇది! ముద్ర ఉన్న కాయితం మీద తేడా వచ్చింది. అధ్యక్షుల వారికి కూడా చెరపడానికి రాదు ఇంక. విచారణ మళ్ళీ మొదటికొచ్చింది. మీకు సున్నా పాయింట్ రెండు పోయింది, 94.9. పరీక్ష లేదు."

"తేడా ఎక్కిందా?"

"ఎక్కింది."

"పది గంటలు, ఇరవై ఎనిమిది అనేనా?"

"అవునండి, అదే."

ఎక్కినట్టు చీటీ ఇమ్మన్నాను. విసుక్కుంటూ ఇచ్చాడు. అది పట్టుకుని, పిన్ని ఎక్కిన బండి వెళ్ళిపోకముందే అందుకోవాలని పరిగెత్తాను.